బొత్తాలన్నీ ఉన్నాయి

జనవరి 19

పిడుగుకి,

నువ్వు క్షేమమనే అనుకుంటున్నాను. కాకపోతే ఈపాటికి ఎవరో ఒకరు కబురు చేసేవాళ్ళే. నేను బాగానే ఉన్నాను. నువ్వు లేవు కదా, బాగుండక ఏం చేస్తాను.

ఫోను చెయ్యకుండా ఉత్తరం ఏమిటి అంటావు. ఫోనులో తిడితే నువ్వు మధ్యలో పెట్టేస్తావు. కాగితం మీద తిడితే చివరిదాకా చదవక తప్పదు. అందుకని ఇకనుంచి ఉత్తరాలే.

నువ్వు వెళ్ళిన మర్నాడు లాండ్రీ కిందగదిలోకి దిగి చూశాను. మూడేళ్ళు మీ ముగ్గురూ వెలగబెట్టిందంతా అక్కడే ఉంది. చప్పుడు బయటికి పోకుండా గోడలకి అంటించిన గుడ్ల అట్టలు సగం ఊడి వేలాడుతున్నాయి. బాయిలర్ మీద ఎవడిదో బూటు గుర్తు. పెద్ద మెషిన్ అలాగే దడదడలాడుతోంది. దాన్ని నేలకి పట్టి ఉంచే బోల్టు బిగిస్తానంటే, "వద్దత్తా, ఆ దరువు మీదే కదా మా పాట" అని మూడేళ్ళు నా ప్రాణం తీశావు. ఇప్పుడది తిరగడం మొదలుపెడితే గది ఈ చివర్నుంచి ఆ చివరికి నడుస్తోంది. ఇల్లు విడిచి పోయే బుద్ధి నీకు దాన్ని చూసే పుట్టినట్టుంది.

ర్యాప్ అంట, పంక్ అంట, రెండూ కలిపారంట. ఒకటి ఊపిరి తీసుకోకుండా వాగడం, రెండోది ఊపిరి ఆగేదాకా అరవడం. ఇంతోటి దానికి వేరే ఊరు పోవాలా? పేరు కూడా ఏం పేరే అది, "కాలర్ మురికి". అన్నం పెట్టిన వృత్తిని జట్టుకి పేరుగా తగిలించుకున్నారు, సిగ్గులేకుండా.

ఆ గిటారు వాయించే పిల్లిగడ్డం వాణ్ణి మొదటిరోజే చూశాను. ఖరీదైన చొక్కా మోచేతుల దగ్గర బ్లేడుతో కోసుకుని వచ్చాడు, పేదవాడిలా కనపడాలని. ఇస్త్రీ చేసిన చొక్కా, ఉతకని బుర్ర. బొత్తాలన్నీ ఉన్నాయి, బుద్ధే ఊడింది. వాడికీ అంతే, వాడి వెనక బయల్దేరిన నీకూ అంతే. డ్రమ్ములు వాయించే మూగదయ్యం కొంత నయం. మూడేళ్ళలో నాతో ఆడింది రెండు మాటలు, రెండుసార్లూ "మంచినీళ్ళు" అనే.

మీ నాన్న పోయేముందు నీ చెయ్యి నా చేతిలో పెట్టి, "అక్కా, దీన్ని మనిషిని చెయ్యి" అన్నాడు. మా తమ్ముడికి ఏనాడూ చిన్న కోరికలు లేవు.

వేణ్ణీళ్ళు తాగు. గొంతు ఇప్పటికే రంపంలా ఉంది.

అత్త


ఫిబ్రవరి 11

అత్తా,

నీ తిట్లు అందాయి. మూడుసార్లు చదివాను. మూడోసారి లేచి నిలబడి, గట్టిగా.

టైర్ల షాపు మీద ఒక గదిలో ఉంటున్నాం. పక్క మీద కూడా రబ్బరు వాసనే. వారానికి రెండుసార్లు ఒక బార్ వెనక హాల్లో పాడతాం. వినడానికి వచ్చేవాళ్ళని చూస్తే నీకు ఒళ్ళు మండుతుంది. గోడకి జారబడి, లోకం మొత్తం చూసేసినట్టు మొహాలు పెట్టి నిలబడతారు. మా ముందు పాడిన జట్టువాళ్ళు విప్లవం గురించి గంటసేపు అరిచారు. అరిచి, కిందికి దిగి, ఎవరి కారుకి ఎవరి కారు అడ్డం పెట్టారని కొట్టుకున్నారు.

మావాళ్ళేం తక్కువ తినలేదు. పిల్లిగడ్డం కొత్త పాట రాశాడు, "నెత్తుటి ఆకాశంలో ఒంటరి గద్దని నేను" అని. వాడు మేడ ఎక్కితే కళ్ళు తిరిగి కూర్చుంటాడు, వాడు గద్ద. అది నన్ను పాడమన్నాడు. మొన్న సగం పాడేసరికి నాకే వెగటు పుట్టి, నోటికొచ్చిన వేరే మాటలు అందుకున్నాను. మూగదయ్యం వెంటనే మన పెద్ద మెషిన్ దరువు మొదలుపెట్టాడు. గోడకి జారబడినవాళ్ళు మొదటిసారి తలలెత్తారు. ఆ మాటలేమిటో ఇప్పుడు అడక్కు.

ఇంకో ఉత్తరం రాయి. త్వరగా రాయి. కోపం తగ్గించుకోకు. బోల్టు బిగించకు.

నీ పిడుగు


మార్చి 2

ఏమే పిడుగూ,

తిట్టమని అడిగి తిట్టించుకునే మనిషిని నా జన్మలో చూడలేదు. పెంకితనం ముదిరి ఈ రూపం ఎత్తినట్టుంది. సరే, అడిగావు కాబట్టి.

నువ్వు తలెగరేసుకుని వెళ్ళావు, ఆ తల దువ్వడానికి దువ్వెన మరిచిపోయావు. నిద్రలేచేది మిట్టమధ్యాహ్నం, మార్చేది లోకాన్ని. నీ పక్క నువ్వు మడవలేవు, ప్రపంచాన్ని మడత పెడతావా? నీ కోపం ఎవరి మీదో నీకే తెలీదు, దారిన పోయే ప్రతివాడి మీదా చల్లుకుంటూ పోతున్నావు. చాలా, ఇంకా కావాలా?

ఇక్కడ ఒకాయన రెండేళ్ళ కిందట ఇచ్చిన కోటు నిన్న తీసుకుపోవడానికి వచ్చాడు. అది తొడుక్కుని అద్దంలో చూసుకుని, "ఇది నాది కాదేమో" అన్నాడు. "కోటు మీదేనండీ, పొట్ట కొత్తది" అన్నాను. ఇక ఆయన మన షాపుకి రాడు. నువ్వుంటే పగలబడి నవ్వేదానివి.

రాత్రిళ్ళు స్వెట్టర్ వేసుకో. అది పంక్ కాదని వాళ్ళంటే, జలుబు పంకా అని అడుగు.

అత్త


మే 27

అత్తా,

మా రికార్డు బయటికొచ్చింది. రేడియోలో రోజుకి అయిదారుసార్లు వేస్తున్నారు. మాకు ఒక మేనేజరు కూడా దొరికాడు. చొక్కా లేకుండా ఒంటి మీద నేరుగా కోటు తొడుక్కుంటాడు, అందుకని నేనూ మూగదయ్యం వాణ్ణి "కోటు" అనే పిలుస్తాం. ప్రతి వాక్యం చివరా మమ్మల్ని "కుటుంబం" అంటాడు. కుటుంబమంటే ఏమిటో వీడికి నీ కౌంటరు ముందు ఒక్క పూట నిలబెట్టి చూపించాలి.

ఏ బార్ వాళ్ళయితే మమ్మల్ని వెనక తలుపులోంచి రమ్మన్నారో, వాళ్ళే ఇప్పుడు గోడ మీద మా బొమ్మ వేయించారు. బొమ్మలో నా ముక్కు వేరే ఎవరిదో. పత్రికావిడ వచ్చి, ఇంత పదునైన మాటలు ఎవరు రాస్తారని అడిగింది. పిల్లిగడ్డం గడ్డం సవరించుకుని, "అవి మా లోపల్నుంచి వస్తాయి" అన్నాడు. వాడి లోపల ఏముందో నాకు తెలుసు. నేను నోరు మూసుకున్నాను, దానికో కారణముంది.

రికార్డు పంపుతున్నాను. మన ఇంట్లో అది వేసే పెట్టె లేదని తెలిసే పంపుతున్నాను. అట్ట మాత్రం చూడు. పెద్ద మెషిన్ బొమ్మే.

ఉత్తరాలు ఆపకు అత్తా. అవి లేకపోతే నాకిక్కడ ఊపిరాడదు.

నీ పిడుగు


జూలై 8

పిడుగూ,

నిన్న ఒక కాలేజీ పిల్ల కోటు తెచ్చింది. బొత్తాలు లెక్కపెడుతూ, అలవాటు కొద్దీ, "బొత్తాలన్నీ ఉన్నాయి" అన్నాను. ఆ పిల్ల కౌంటరు మీద దరువేసి, "బుద్ధే ఊడింది" అని అరిచింది. అరిచి, "మీరు కూడా ఆ పాట వింటారా ఆంటీ" అని నవ్వింది.

పక్కన మంగలి షాపుకి వెళ్ళి రేడియో పెట్టించుకుని కూర్చున్నాను. గంటలోపే వేశాడు. సగం గడ్డం గీయించుకున్న పెద్దమనిషి సబ్బు మొహంతో తల ఊపుతున్నాడు. ఇస్త్రీ చేసిన చొక్కా. ఉతకని బుర్ర. తల దువ్వడానికి దువ్వెన. నీ పక్క నువ్వు మడవలేవు. అన్నీ నావే. ఒక్క ముక్క మార్చలేదు. జలుబు పంకా అన్నది కూడా వదల్లేదు.

నేను నిన్ను తిట్టాను, ఊరిని కాదు. ఈ మాటలు నేను కూర్చుని కట్టినవి కావు. కౌంటరు మూసేశాక, కాళ్ళు పీకుతుంటే, నువ్వెలా ఉన్నావో ఏం తింటున్నావో తెలియక రాసినవి. ఒక మనిషికీ తను పెంచిన పిల్లకీ మధ్య మాటలవి. వాటిని తీసుకెళ్ళి తాగుబోతుల ముందు ఆరేశావు. ఇప్పుడు దారిలో ప్రతివాడూ నా మాటలకి నవ్వుతున్నాడు.

ఇంతకాలం నిన్ను తిట్టినందుకు నాకు ఏ బాధా లేదు. ఈరోజు మాత్రం నాకు తిట్లు రావడం లేదు.

అత్త


జూలై 20

అత్తా,

నవ్వడం లేదు. ఎవ్వరూ నవ్వడం లేదు. హాలు మొత్తం నీ మాటలు నాతో కలిసి అరుస్తుంది. వాళ్ళని తిట్టినట్టు అనుకోరు, వాళ్ళు తిట్టాలనుకున్న ప్రతివాణ్ణీ నువ్వు తిట్టిపెట్టావనుకుంటారు. ఒక్కసారి వచ్చి వెనక నిలబడి చూస్తే తెలుస్తుంది. రావు. నీకు ఆ కౌంటరు దాటితే భయం.

నిజం చెప్పనా? ఈ ఊళ్ళో విన్న పాటలన్నీ వెతికినా నీ ఒక్క ఉత్తరంలో ఉన్నంత ప్రాణం దొరకదు. అలాంటి నోరు పెట్టుకుని నలభై ఏళ్ళు రసీదులు చింపుతూ కూర్చున్నావు. మరకలతో మాట్లాడి మాట్లాడి నీకు మనుషులు కూడా మరకల్లాగే కనపడుతున్నారు. నేను ఆ మాటల్ని దొంగిలించలేదు, బట్టలుతికే సోడా నీళ్ళలో కొట్టుకుపోకుండా తీశాను.

కోపంగా ఉంటే కోపంగానే రాయి. రెండో రికార్డు మొదలుపెట్టాం.

పిడుగు


ఆగస్టు 5

గౌరవనీయులైన గాయని గారికి,

మీ ఉత్తరం అందింది. సంతోషం. మీ అభిప్రాయాలు తెలియజేసినందుకు కృతజ్ఞతలు.

మేము క్షేమం. వాతావరణం అనుకూలంగా ఉంది. మీ రెండవ రికార్డు విజయవంతం కావాలని కోరుకుంటున్నాము. మీ ఆరోగ్యం జాగ్రత్త.

ఇట్లు,
లాండ్రీ యజమానురాలు


ఆగస్టు 19

అత్తా,

ఇదేమిటి? ఈ గౌరవనీయులు ఎవరు? ఇది నీ రాతేనా, ఎవరిచేతైనా రాయించావా? నీకు ఒంట్లో ఏమైనా బాగాలేదా? డాక్టరు దగ్గరికి వెళ్ళావా? నువ్వు "కృతజ్ఞతలు" అన్న మాట వాడటం నేను పుట్టాక ఇదే మొదలు.

ఇక్కడ పనేం సాగడం లేదు. నీ పాత ఉత్తరాలన్నీ అయిపోయాయి. కోటు ఒక రచయితని తెచ్చాడు. ఆయన మెడ చుట్టూ శాలువా కప్పుకుని, కళ్ళు మూసుకుని, మా కోపాన్ని "అనుభూతి చెంది" రాస్తాడట. రాసిందేమిటంటే, "పంజరం తెరుచుకుంది, పక్షి మరిచిపోయింది". మళ్ళీ పక్షే. మూగదయ్యం కర్రలు కింద పెట్టి బయటికి వెళ్ళిపోయాడు. పిల్లిగడ్డం మాత్రం కళ్ళు తుడుచుకున్నాడు.

ఒక్క తిట్టు రాయి అత్తా, చిన్నదైనా సరే.

పిడుగు


సెప్టెంబర్ 6

గాయని గారికి,

మా గురించి మీరు ఆందోళన చెందవద్దు. ఇప్పుడు ఎంతో ప్రశాంతంగా ఉంది. మెకానిక్కుని పిలిపించి పెద్ద మెషిన్ బోల్టు బిగించాను. ఏ చప్పుడూ లేదు. కిందగదిలో మీ వస్తువులన్నీ సర్ది పెట్టాను. వీలున్నప్పుడు వచ్చి తీసుకువెళ్ళగలరు. ఒక్కొక్కటిగా అన్నీ ఒక దారికి తెచ్చుకుంటున్నాను.

మీ మీద నాకు ఎలాంటి కోపమూ లేదు.

ఇట్లు,
లాండ్రీ యజమానురాలు


అక్టోబర్ 3

అత్తా,

దీనికి జవాబు రాయకపోయినా ఫర్వాలేదు. జరిగింది జరిగినట్టు నీకు తెలియాలి.

నీ ఉత్తరం మా అతిపెద్ద కచేరీ రోజు పొద్దున వచ్చింది. ఊరి బయట మైదానం, టిక్కెట్లన్నీ అమ్ముడయ్యాయి. "అన్నీ ఒక దారికి తెచ్చుకుంటున్నాను", "మీ మీద నాకు ఎలాంటి కోపమూ లేదు". మా అత్తకి నా మీద కోపం లేదంటే ఒకటే అర్థం. నువ్వు పోతున్నావనుకున్నాను. కోటు తలుపుకి అడ్డం నిలబడి, "కుటుంబాన్ని వదిలి ఎక్కడికి" అన్నాడు. వాణ్ణి పక్కకి తోసి బస్సెక్కాను. దారి పొడుగునా ఏడ్చాను. పక్క సీటావిడ తన రుమాలు ఇచ్చి, తిరిగి అడగలేక నాకే వదిలేసింది.

షాపు తలుపు తోసుకుని వస్తే ఏం చూశాను? నువ్వు నోట్లో పిన్నులు పెట్టుకుని, ఎవరిదో ప్యాంటుకి మడత పెడుతున్నావు. గుండ్రాయిలా ఉన్నావు, ఏ జబ్బూ లేదు. నన్ను చూశావు. పిన్నులు ఒక్కొక్కటే తీసి డబ్బాలో వేశావు. వేసి, "రసీదు ఉందా అండీ?" అన్నావు.

ఆ తర్వాత నేనేం అన్నానో నాకు గుర్తులేదు, నీకు గుర్తుంటుంది. వచ్చిన బస్సుకే తిరిగి వెళ్ళాను.

అప్పటికి కచేరీ అయిపోయింది. నా బదులు పిల్లిగడ్డం పాడాడట. "గొంతు మారినా జనం పట్టించుకోలేదు, పాటలు ముఖ్యం" అన్నాడు కోటు. అలా అని నా సంచీ మెట్ల మీద పెట్టించాడు. పాటలు జట్టువట. నీ తిట్లన్నీ ఇప్పుడు పిల్లిగడ్డానివి. పాడుకోనీ. రసీదు వాడి దగ్గరుందేమో అడుగు.


అక్టోబర్ 20

పిడుగూ,

మర్యాదగా నాలుగు ముక్కలు రాస్తే మనిషి చచ్చిపోతోందని ఎవరే నీకు చెప్పింది? బొట్టు బొట్టుగా విషం కలిపి, అరిటిపండులా ఒలిచి చేతిలో పెట్టాను, నీకు మండాలని. నువ్వేమో నాకు పాడె కట్టేసి బస్సెక్కావు. అంత పెద్ద కచేరీ వదిలేసి వచ్చేదానివి ముందొక ఫోను చెయ్యలేకపోయావా? ఫోను ఉన్నదెందుకు?

సరే, పీడ విరగడైంది. ఇక్కడికి వచ్చెయ్. ఇస్త్రీ బల్ల ఖాళీగానే ఉంది. కుదురుగా పని చేసుకో. ఆ మైదానాలూ మైకులూ నీకు పడవని మొదటే చెప్పాను.

అత్త


నవంబర్ 9

అత్తా,

మొదటే చెప్పావు. నిజమే. నువ్వు గెలిచావు, పండగ చేసుకో.

నేను రాను. ఒక ఫ్యాక్టరీ క్యాంటీన్లో గిన్నెలు తోముతున్నాను. ఇక్కడ అందరూ మర్యాదస్తులు, ఒకరినొకరు పట్టించుకోరు. గోడ మీద రేడియో ఉంది. పిల్లిగడ్డం వస్తాడు, నీ మాటలు చప్పరిస్తూ. వాడి నోట్లో "బుద్ధే ఊడింది" అన్నది సబ్బు ప్రకటనలా ఉంటుంది. మొదట్లో రేడియో కట్టేసేదాన్ని. ఇప్పుడు కట్టెయ్యడం లేదు. అంతకంటే ఏం చెప్పను.

పాడదామని నోరు తెరిస్తే ఏమీ రావడం లేదు. నా దగ్గర సొంత మాట ఒక్కటీ లేదని తెలిసిపోయింది. ఉన్నవన్నీ నీవి, అవీ పోయాయి. నేను పాడటం మానేశాను. ఇక రాయకు.


డిసెంబర్ 1

ఏమే, రాయకు అంటే మానేస్తాననుకున్నావా? ఎవరు పెంచారనుకున్నావే నిన్ను?

నా దగ్గర బట్టలుతకడం నామోషీ, ఎవడి దగ్గరో ఎంగిలి గిన్నెలు తోమడం ఘనత. ఆ చేతులకి కొబ్బరినూనె రాసుకుంటున్నావా? రాసుకోవు. సొంత మాటలు లేవంట. చిన్నప్పుడు నేను "మొహం కడుక్కో" అంటే, "ముందు నువ్వు మొహం మార్చుకో" అన్నది ఎవరే? నా నోటికి పదునెక్కిందే నీకు జవాబులు చెప్పీ చెప్పీ. అవి నా ఒక్కదానివని నేనెప్పుడన్నాను? ఊరి ముందు ఆరేశావని అన్నాను. ఆ మాట ఇప్పటికీ అంటాను.

మొన్న మంగలి షాపులో టీవీ పెట్టాడు. నీ పిల్లిగడ్డం వచ్చి కూర్చున్నాడు. ఆ మాటలు తన చిన్ననాటి కష్టాల్లోంచి పుట్టాయని చెప్పాడు. వాడి కష్టాల చొక్కాల్ని ఉతికిందాన్ని నేను, అన్నీ పట్టువే. తర్వాత పాడాడు. నా మాటలు అలా పాడతారా ఎవరైనా? ప్రేమ లేదు, కోపం లేదు, దరువు మీద నిలబడటం రాదు. ఎవరి కోసం తిడుతున్నాడో వాడికే తెలీదు. సగం గడ్డంతో కూర్చున్న ఆ పెద్దమనిషే, "మొదట ఓ పిల్ల పాడేది, అది పాటంటే" అన్నాడు. మంగలి కూడా అవునన్నాడు. మాట వరసకి కాదు, కత్తి ఆపి మరీ అన్నాడు. నేను షాపుకి వచ్చి రసీదు పుస్తకం తిరగేసి వెనక రాయడం మొదలుపెట్టాను.

ఇది రాసుకో. వాడి కోసం కట్టాను. ఈసారి కూర్చునే కట్టాను.

అరువు నోరు, అద్దె కోపం.
గడ్డం నీది, గొంతు ఎవరిది?
ఎవరి చొక్కానో తొడుక్కుని ఊరేగే మొనగాడా,
చెయ్యెత్తకు, చంకలో చిరుగుంది.
చప్పట్లు కొట్టించుకుంటావా, కొట్టించుకో,
చొక్కా తాలూకు మనిషి వస్తోంది.

చివరి పాదం మింగెయ్యకు. నీకు ప్రతి పాదంలో చివరి మాట మింగేసే రోగం ఉంది, రేడియోలో విన్నాను. నిలబడి, ఒక్కో మాటా విడిగా అను. ఇంకా ఎనిమిది కట్టాను, ఆ కోటుకి ఒకటి, శాలువా ఆయనకి ఒకటి, నీకు మిగతావన్నీ. ఉత్తరంలో పంపను. వచ్చి తిట్టించుకో.

నీ మూగదయ్యం నాలుగు రోజుల కిందట ఇక్కడికి వచ్చాడు, కర్రలు చంకలో పెట్టుకుని. ఆ జట్టు వదిలేశాడట. ఎందుకని అడిగితే మంచినీళ్ళు అడిగాడు. నేరుగా కిందగదిలోకి దిగి పెద్ద మెషిన్ పక్కన కూర్చున్నాడు. దాన్ని తిప్పాను. చప్పుడు లేకుండా తిరిగింది. వాడు నావైపు ఎలా చూశాడంటే, నేనేదో హత్య చేసినట్టు చూశాడు. మూడు రోజులు అలాగే ఆ మెషిన్ ముందు తిన్నాడు, అలాగే పడుకున్నాడు.

ఈ పొద్దున మెకానిక్కుని పిలవలేదు. నేనే దిగి, మోకాళ్ళ మీద కూర్చుని, స్పానర్ పెట్టి ఆ బోల్టు వదులు చేశాను. ఇప్పుడు ఈ ఉత్తరం రాస్తుంటే బల్ల అదురుతోంది. నా అక్షరాలు వంకరగా ఉన్నది అందుకే, ఏడ్చానని ఊహించుకోకు. వాడు కింద వాయిస్తూనే ఉన్నాడు, మధ్యలో ఆగుతున్నాడు. ఆగినచోట నువ్వుండాలట.

శనివారం దాకా చూస్తాను. రాకపోతే మళ్ళీ బిగిస్తాను.

అత్త